మూడు బస్తాల లెక్క

వానలు వెనకబట్టినాక నిమ్మచెట్లకి నీళ్లు ఆపేసి
వాడబెడతారు మా వైపు.
ఆకు ముడుచుకుని, ఇంక చస్తదేమో అన్నప్పుడు
ఒక తడి ఇస్తారు.
ఎండాకాలం కాయ కావాలంటే అదొక్కటే దారి
అనేవాడు మామ.
చెట్టు సంగతే అనుకుని వింటా ఉండేదాన్ని.

మామ పోయి ఏడాది కాలా.
ఈయన బైకు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే
కాయ నేనే తోలుకుపోయినా పొదలకూరుకి,
చెంచయ్య ట్రాలీ ఆటోలో, ఇరవైరెండు బస్తాలు.
ఆ షెడ్డు కింద ఎండ కూడా పుల్లగా ఉంటది.
పాటలో ధర బాగా పలికింది.
గుమాస్తా రాస్తా రాస్తా, తలెత్తకుండానే అడిగినాడు:
"ఎప్పట్లాగే మూడు బస్తాలది వేరే చీటీ కదమ్మా?"
ఎవరి పేరన, అన్నా.
"మస్తానమ్మ. రాపూరు."
పేరు ముందర మా ఇంటిపేరు రాసినాడు,
చెయ్యి అలవాటు కొద్దీ.

ఇంట్లో లెక్కల పుస్తకం నాది.
పెళ్లయిన కాడ్నించీ పదకొండు ఎండాకాలాలు,
ప్రతి ఏడూ మూడు బస్తాలు తక్కువ.
ఏమైందంటే
"పేకాటలో పోయింది" అనేవాడు ఈయన,
చొక్కా విప్పి కొయ్యకి తగిలిస్తా.
అరిచినా. పళ్లెం ఇసిరినా.
ఒక ఏడు మా నాయన్ని పిలిపించి
నలుగురిలో నిలబెట్టినా ఈయన్ని.
తల వంచుకుని నిలబడినాడు.
మామ అరుగు మీద కూర్చుని
గోరుతో నిమ్మతొక్క గిల్లుకుంటా
వాసన చూసుకుంటా ఉన్నాడు.
ఆ రోజు నేను జాలిపడింది మామ మీద,
ఇట్టాంటి కొడుకు పుట్టినాడే అని.

ఖాళీ ఆటోలో ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాన్నం.
అత్త వసారాలో ఊరగాయకి కాయలు తుడస్తా ఉంది.
ఎంత వచ్చిందని అడగలా.
"చీటీలు ఎన్ని?" అనింది.
రెండు, అన్నా.
సరేనన్నట్టు ఇంకో కాయ తీసుకుంది.
గుడ్డ తిప్పే వేళ్లు ఆగలా, తడబడలా.
ఎన్నేళ్లు తుడిస్తే అట్టా తడి లేకుండా ఆరతాయో.

రాత్రి వాకిట్లో మంచాలు. ఆకు కదల్లా.
కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని ఈయన,
మధ్యలో కూజా.
నీకు పేకాట వచ్చా, అన్నా.
చానాసేపటికి,
రాదు, అన్నాడు.
ఇస్పేటు ఏదో, ఆఠీను ఏదో?
తెలీదు.
"నాయన ఒట్టేయించుకున్నాడు,
అమ్మకి తెలియకూడదని."
లోపల అత్త దగ్గింది.

మంచోడివి అనడానికి నోరు రాలా నాకు.
పదకొండేళ్లు నేను కాపురం చేసింది ఒక జూదగాడితో.
వాడి జేబులు వెతికినా.
వాడికి కనపడకుండా పప్పు డబ్బాలో నోట్లు దాచినా.
వాడు మారాలని జొన్నవాడ పోయి
కామాక్షమ్మ గుళ్లో నిద్ర చేసినా.
వాడు అసలు లేడంట.
వాడి మీద పెంచుకున్న కోపం
ఇప్పుడు యాడ దించుకోవాల?
ఈ మంచం మీద మనిషెవరు,
ఊరందరి ముందర నింద మోయగలిగి
నాకు ఒక మాట చెప్పలేకపోయినోడు?
కూజాలో నీళ్లు కూడా వెచ్చగానే ఉన్నాయి.

తెల్లారి పుస్తకం తీసినా.
పాత కాగితాలు దిద్దలా.
ఈ ఏటి వరసలో మూడు బస్తాలు అని రాసి
ఎదురుగా మస్తానమ్మ అని రాసి
మూయకుండా గూట్లో పెట్టినా,
కాయలు తుడిచే చోటికి కనపడేట్టు.

కొట్టుకాడ ఒక పేకముక్కల కట్ట కొని
ఈయన మంచం మీద వేసినా.
రాపూరు బస్సు ఎనిమిదింటికి.
డబ్బు నేనే ఇచ్చొస్తా,
ఆమె మొహం నేను చూడాల.

నేనొచ్చేలోగా
రంగులన్నా నేర్చుకో.